రంగు మారని పాలు

వనపర్తి,
20 నవంబర్ 2006

కుబ్రా ఖాలాకు తహసీన్ సలాం.

ఈ ఉత్తరం మీ ఊరి ఖాళీ పాల డబ్బా మూతకు కట్టి, బండి ఎల్లన్న చేతికి ఇస్తున్నాను. దారిలో విప్పి చదవొద్దని చెప్పాను. నవ్వాడు. మడత నలిగి ఉంటే ఎవరి పనో నేను చెప్పక్కర్లేదు.

ఫోను చేద్దామనుకున్నాను. మీ ఊళ్ళో ఉన్న ఒక్క ఫోనూ మద్దిలేటి దుకాణంలో ఉంది. నేను హలో అనేలోపే ఉప్పూ పప్పూ కొనడానికి వచ్చినవాళ్ళంతా చెవులు రిక్కించి నిలబడతారు. ఇది ఊరంతా వినే మాట కాదు.

ఖాలా, ఈ రోజు నువ్వు నడిపే పాల సెంటరు నుంచి వచ్చిన పాలు మా దగ్గర ఫెయిలయ్యాయి. వెన్న బాగుంది, చిక్కదనం బాగుంది, వాసన కూడా బాగుంది. కానీ ఈ నెల నుంచి మా డెయిరీ ల్యాబులో ఒక్కో సెంటరుకు మూడు రోజులకోసారి ఒక కొత్త పరీక్ష పెట్టారు. అందులో మీ పాలల్లో మందు ఉన్నట్టు తేలింది. డబ్బాలన్నీ మురుగు మోరీలో పారబోశాం. పారబోసింది నేనే. అంత చిక్కటి పాలు మోరీ పాలయ్యాయి.

అసలు భయం ఇంకొకటి. వరసగా మూడుసార్లు ఇలాగే వస్తే మీ ఊరికి బండి ఆపేస్తారు, సెంటరు ఎత్తేస్తారు. ఆ సెంటరు కోసం నువ్వూ సుగుణమ్మా ఎన్ని ఆఫీసుల చుట్టూ తిరిగారో నేను కళ్ళారా చూశాను. అందుకే ముందే రాస్తున్నాను. మందు ఎక్కడి నుంచి వచ్చిందో జాగ్రత్తగా వెతుకు.

ఇక్కడ చలి మొదలైంది. మా ల్యాబు పెద్ద వెంకట్రాములు సారు తెల్లకోటు మీద మఫ్లరు చుట్టుకుని ల్యాబులో తిరుగుతుంటే పేషెంటెవరో డాక్టరెవరో తెలియడం లేదు. మా హాస్టల్లో పప్పు గురించి రాయను, నువ్వు బాధపడతావు. మీ ఆయనకు, అదే మా ఖాలూకు, నా సలాం చెప్పు.

నీ తహసీన్


22 నవంబర్ 2006

బేటీ తహసీన్‌కు దువాలు.

ఏడో తరగతిలో మా సారు నేర్పిన తెలుగులోనే రాస్తున్నాను. నోటితో మాట్లాడినట్టు రాస్తే ఉత్తరానికి మర్యాద ఉండదనేవారు ఆయన. ఈ రోజు మర్యాద చాలా అవసరం. ఎందుకంటే నాకు చాలా కోపంగా ఉంది.

నీళ్ళు కలిపానని నేరుగా అనరాదా? మందు ఉందని చుట్టు తిప్పి రాయడం దేనికి? పాలు విరగకుండా సోడా పొడి కలిపే సెంటర్లు ఉన్నాయని నేనూ విన్నాను. మా సెంటర్లో ఆ పొడి ముఖం ఎవరూ చూడలేదు. పొద్దున్నే చలిలో నేనే కూర్చుని, ఒక్కొక్క ఇంటి పాలల్లో చిక్కదనం చూపే గాజు బుడ్డి వేసి చూసి గానీ డబ్బాలో పోయనివ్వను. సుగుణమ్మ నా ప్రాణ స్నేహితురాలు. ఒకనాడు ఆమె పాలే పలచగా ఉన్నాయని వెనక్కి పంపాను. ఆమె నాతో వారం మాట్లాడలేదు.

అయినా నీ ఉత్తరం చూసి ఊరుకోలేదు. నా అనుమానం మద్దిలేటి మీద. పోయిన ఎండాకాలం నీళ్ళ పాలు తెచ్చి దొరికిపోయాడు కదా. నిన్నటి నుంచి అతని పాలు పోయించుకోవడం లేదు. "నేనేం జేసిన ఖాలమ్మా?" అని అడిగాడు. "నీకే తెల్వాలె" అన్నాను. అతను చెంబు తీసుకుని వెనక్కి పోయాడు.

నీ ఎల్లన్న బండి దిగుతూనే "అమ్మా, పాలల్ల మందు ఎవలు గలిపిన్రు?" అని అందరి ముందూ అడిగాడు. మడత సంగతి ఇక నేను రాయక్కర్లేదు.

ఒక్క మాట చెబుతాను, విను. ఇంటర్ చదివిన రెండేళ్ళూ మా ఇంట్లోనే తిన్నావు. నా చెల్లె, అంటే మీ అమ్మ, నాగర్‌కర్నూల్‌లో, నువ్వు నా దగ్గర. మన బర్రె పాలు తాగే పరీక్షలు రాశావు. ఇప్పుడు ఆ పాలనే మోరీలో పోస్తావా? నీ ముందుకు వచ్చేది పరాయివాళ్ళ డబ్బా కాదు. జర చూసి పాస్ చెయ్యి.

జొన్న రొట్టెలూ పల్లీల పొడీ పంపుతున్నాను. కోపం నీ మీద, నీ కడుపు మీద కాదు.

మీ ఖాలా,
కుబ్రా బేగం


వనపర్తి,
23 నవంబర్ 2006

ఖాలాకు సలాం.

రొట్టెలు అందాయి. ఒకటి ఎల్లన్న తిన్నాడు, ముగ్గురం అమ్మాయిలం మిగిలినవి పంచుకున్నాం. పల్లీల పొడి మాత్రం పెట్టెలో దాచాను. కోపంతో దంచినట్టున్నావు, కారం బాగా తగిలింది.

నేను నీళ్ళు అనలేదు, సోడా అనలేదు. సరిగ్గా రాయకపోవడం నా తప్పే. మందు అంటే జబ్బు చేసిన పశువుకు వేసే మందు. సూది వేసినా, గొట్టంతో చన్నులోకి ఎక్కించినా అది బర్రె ఒంట్లో కలిసి, కొన్నాళ్ళు పాలల్లో వస్తూనే ఉంటుంది. పాలు చూడటానికి చక్కగా ఉంటాయి. రుచి మారదు. నీ గాజు బుడ్డికి కూడా దొరకదు.

మేము చూసేది ఇలా. వేలెడంత గాజు సీసాలో వంకాయ రంగు ముద్ద ఒకటి ఉంటుంది. అందులో కంటికి కనపడని సూక్ష్మజీవులు బతికి ఉంటాయి. దాని మీద నాలుగు చుక్కల పాలు వేసి వేడి నీళ్ళ తొట్టిలో పెడతాం. పాలు మంచివైతే ఆ జీవులు పెరిగి ముద్ద పసుపు రంగుకు తిరుగుతుంది. పాలల్లో మందు ఉంటే అవి చచ్చిపోతాయి, రంగు మారదు. నువ్వు జర చూడమన్నావు. ఈ రోజు మీ డబ్బాలు రాగానే నా చేత్తోనే పెట్టాను. తొట్టి దగ్గర నుంచి కదలకుండా చూశాను. పక్క ఊళ్ళ సీసాలన్నీ పసుపయ్యాయి. మీది వంకాయ రంగులోనే ఉండిపోయింది.

పాస్ చేయలేదు ఖాలా. రెండోసారి కూడా పారబోశాను.

నువ్వు తిట్టుకుంటావని తెలుసు. కానీ మా ట్యాంకులో కలిసిన పాలు ఎవరింటికి పోతాయో నాకు తెలియదు. ఆ మందు పడని పసిపిల్ల తాగితే ఒళ్ళంతా దద్దుర్లు వస్తాయి. పడినవాళ్ళకు కూడా రోజూ కొంచెం కొంచెం లోపలికి పోతే, రేపు జబ్బు చేసినప్పుడు అదే మందు పని చేయకుండా పోవచ్చు.

మన చుట్టరికం సంగతి వెంకట్రాములు సారుకు నేనే చెప్పేశాను. ఆయన మఫ్లరు సర్దుకుని, "మంచిగ జెప్పినవ్. ఇగ మీ ఖాలా డబ్బా నువ్వే చూడు, నేను పక్కన నిలవడ్త. నేనొక్కన్నే చూస్తే నీకు అనుమానం, నువ్వొక్కదానివే చూస్తే నాకు అనుమానం" అన్నారు.

ఇప్పుడు ఇది చెయ్యి. కొన్నాళ్ళు డబ్బా పంపకు. ఒక్కొక్క ఇంటి పాలు ఒక్కొక్క గిన్నెలో కాచి, చల్లార్చి, తోడు వెయ్యి. మందు ఎక్కువగా ఉన్న పాలు పెరుగు కావు, పాలల్లాగే ఉండిపోతాయి. మా సీసా అంత గట్టి పరీక్ష కాదు గానీ దొంగ ఏ ఇంట్లో ఉన్నాడో చూపిస్తుంది.

మద్దిలేటి పాలు మళ్ళీ తీసుకో. పాపం.

నీ తహసీన్


26 నవంబర్ 2006

బేటీ తహసీన్‌కు దువాలు.

జబ్బు మందు అని మొదటే రాసి ఉంటే మద్దిలేటి పాలు వెనక్కి పంపేదాన్ని కాదు. సరే, పంపినందుకు పెద్దగా బాధ కూడా లేదనుకో. పరీక్ష అయ్యేదాకా ఆగమని చెప్పాను.

ముందు మామూలుగా అడిగి చూద్దామని ఇల్లిల్లూ తిరిగాను, ఎవరి బర్రెకైనా సూది వేయించారా అని. అంతే, సూది వేయించిన బర్రెలను డెయిరీవాళ్ళు పట్టుకుపోతారట అని నాకంటే ముందే ఎవరో ఊరంతా చాటారు. ఇక మన ఊళ్ళో ఏ బర్రెకూ పుట్టిన నాటి నుంచి జబ్బే లేదు. పశువుల దవాఖాన ఎక్కడుందో కూడా ఎవరికీ తెలియదు. సుగుణమ్మ సైతం "మా బర్రెకు తుమ్ము గూడ రాలే కుబ్రా" అంది. పోయిన నెల ఆమె బర్రె వెంట గోపాల్‌పేట దవాఖానకు నడిచినదాన్ని నేనే!

అందుకని నువ్వు చెప్పినట్టే చేశాను. మన ఇల్లు నువ్వు చూడాల్సింది. అలమరలో, కిటికీలో, మంచం కింద, ఎక్కడ చూసినా గిన్నెలే. గిన్నె మీద సుద్దముక్కతో పేరు రాశాను. తోడుకు సుగుణమ్మ ఇంటి నుంచి పెరుగు తెచ్చాను. చలికని అన్నిటి మీదా మీ ఖాలూ గొంగడి కప్పాను. ఆయన దుప్పటి లేక రాత్రంతా ముడుచుకుని పడుకుని, పెరుగుకున్న భాగ్యం తనకు లేదని సణిగారు.

తెల్లవారి ఒక్కొక్కటే మూత తీశాను. అన్నీ తోడుకున్నాయి! ఒక్కటి కూడా తప్పలేదు. మద్దిలేటిదైతే గిన్నె వంచినా జారలేదు. నాకు అది నచ్చలేదు గానీ ఉన్నమాట రాస్తున్నాను.

కాబట్టి బేటీ, మా ఊరి పాలల్లో ఏ లోపమూ లేదు. మీ సీసాలే పాడై ఉంటాయి. మీ సారుకు చెప్పి కొత్తవి తెప్పించు. ఇన్ని రోజులు డబ్బా ఆపినందుకు ఆడవాళ్ళు ఇప్పటికే గొణుగుతున్నారు. రేపు పొద్దున పంపేస్తున్నాను.

నిజంగా నిఖార్సుగా ఉండటమంటే ఏమిటో మన ఇంటిని చూసి నేర్చుకోవాలి. మన బర్రెకు ఒక చన్ను వాచింది. పది రోజులుగా పశువుల కాంపౌండరు వచ్చి మెడకు సూది వేస్తూ, వాచిన చన్నులోకి గొట్టం మందు ఎక్కిస్తున్నాడు. అప్పటి నుంచి ఆ చన్ను పాలు మీ ఖాలూ ఒక్క చుక్క కూడా వాడకుండా పెంటలో పారబోస్తున్నారు. మిగిలిన మూడింటి పాలే సెంటరుకు తెస్తారు. అట్లాంటి ఇంటికి పరీక్ష ఏమిటని మన గిన్నె పెట్టనే లేదు.

ఇంట్లో అంతా కుశలమే. పెరుగు మాత్రం ఈ మధ్య సరిగ్గా తోడుకోవడం లేదు. చలికాలం కదా.

మీ ఖాలా,
కుబ్రా బేగం


వనపర్తి,
26 నవంబర్ 2006, సాయంత్రం

ఖాలా,

ఎల్లన్న బండి కదిలేలోపు రాస్తున్నాను. సలాములూ కుశలాలూ తర్వాత.

ఒకే ఇంట్లో, ఒకే గొంగడి కింద ఊరందరి పాలూ తోడుకున్నాయి. చలి ఒక్క మన గిన్నెకే వేసిందా?

రేపు డబ్బా పంపకు. నీ కాళ్ళు పట్టుకుంటాను, పంపకు. అది మూడోది. ఈ రాత్రి మన బర్రె పాలు, ఆ మూడు చన్నులవే, కాచి తోడు వెయ్యి. పక్కనే మద్దిలేటి ఇంటి పాలు ఒక గిన్నెలో పెట్టు. పొద్దున నువ్వే చూడు, తర్వాత నన్ను తిట్టు.

తహసీన్


28 నవంబర్ 2006

బేటీ,

ఈ ఉత్తరమూ మా డబ్బాలూ ఒకే బండిలో వస్తున్నాయి. ముందు డబ్బాల సంగతి చూడు. ఉత్తరం ఎక్కడికీ పోదు.

నువ్వు చెప్పినట్టే రెండు గిన్నెలూ పక్కపక్కన పెట్టాను. పొద్దున మద్దిలేటి గిన్నెలో పెరుగు గడ్డ కట్టింది. మన గిన్నెలో చెంచా వేస్తే గలగలమంది. పాలు పాలలాగే ఉన్నాయి. నేను ఆ గిన్నె పట్టుకుని కొట్టంలోకి నడిచాను.

మీ ఖాలూను నిలదీశాను. మేము ఉర్దూలో పోట్లాడుకున్నాం, నీకు తెలుగులో రాస్తున్నాను. తిట్లు రాయను.

"మందెక్కించిన చన్ను పాలు పారవోస్తనే ఉన్న గద! ఇంకేం జెయ్యాలె?" అన్నారు.

"మరి మెడకు సూది ఏసిండు గద?"

"మెడకేసిండు. మెడకూ పొదుగుకూ ఏం సంబంధమే?"

నాకు నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. ఆయన్ని అనడానికేముంది? ఐదు రోజుల క్రితమే నువ్వు రాశావు, మందు ఒంట్లో కలుస్తుందని. నేను చదివాను. ఊళ్ళో అన్ని బర్రెలకూ అన్వయించాను, మన బర్రెకు తప్ప.

నిన్న డబ్బా పంపలేదు. సెంటరు ముందు అందరినీ కూర్చోబెట్టి చెప్పాను. దొంగ మా ఇంట్లోనే ఉన్నాడు, మీ పాలన్నీ రెండుసార్లు మోరీలో కలిసింది మా బర్రె వల్ల, నేను ఈ కుర్చీలో కూర్చోవడానికి తగను అన్నాను. తిడతారని తల వంచుకున్నాను.

సుగుణమ్మ మెల్లగా, "మరి మేం గూడ గంతే గదనే. మందెక్కించిన చన్నే ఇడిసిపెడ్తం, తక్కినయి పిండుకుంటం" అంది. ఆమె అన్నాక ఇంకొకరు, ఆ తర్వాత ఇంకొకరు. చూస్తే మన ఊళ్ళో అందరిదీ అదే పద్ధతి! ఇప్పుడు మన బర్రెకే జబ్బు చేసింది కాబట్టి మనం దొరికాం, అంతే. తుమ్ము కూడా రాని ఆ బర్రెలన్నిటి జబ్బులూ అప్పుడు ఒక్కొక్కటిగా బయటపడ్డాయి.

కుర్చీ సంగతి మళ్ళీ ఎత్తాను. "నువ్ దిగిపోతే గన్ని గిన్నెలు ఎవలు తోముతరు? కూసో" అంది సుగుణమ్మ. అందరూ నవ్వారు.

అక్కడే ఒక కట్టుబాటు చేసుకున్నాం. సూది గానీ గొట్టం గానీ వేయించిన బర్రె కొమ్ముకు ఎర్ర గుడ్డ కట్టాలి. డాక్టరు చెప్పిన గడువు దాటి గుడ్డ విప్పేదాకా దాని పాలు, నాలుగు చన్నులవీ, సెంటరు గడప తొక్కకూడదు. మొదటి గుడ్డ నా పాత దుపట్టాదే చింపి ఇచ్చాను. మీ ఖాలూ కట్టారు. ఆ బర్రె ఇప్పుడు పెళ్ళికూతురిలా తల ఊపుకుంటూ తిరుగుతోంది.

మద్దిలేటి దుకాణానికి కూడా పోయాను. కాళ్ళు అటు సాగలేదు, అయినా పోయాను. "నీ మీద లేనిపోని అనుమానం వడ్డ, మనసుల పెట్టుకోకు తమ్మీ" అన్నాను. అతను త్రాసు కింద పెట్టి, "నా పెరుగు మస్తు గట్టిగ తోడుకున్నదంట గద?" అన్నాడు. అవునన్నాను. "గా మాట జర గట్టిగ చెప్పు ఖాలమ్మా, దుకాణంల అందరూ ఉన్నరు" అన్నాడు. గట్టిగానే చెప్పాను.

మొన్న నేను రాసిన జర చూసి పాస్ చెయ్యి అన్న మాట కొట్టెయ్. ఈసారి కూడా రంగు మారకపోతే పారబొయ్యి. అదరకుండా పారబొయ్యి.

మీ ఖాలా


వనపర్తి,
28 నవంబర్ 2006, సాయంత్రం

నా ప్రియమైన ఖాలాకు,

పసుపు!

నువ్వు చెప్పినట్టు ముందు డబ్బాలే చూశాను. తొట్టిలో సీసా పెట్టాక నీ ఉత్తరం జేబులో ఉన్నా విప్పలేదు. వెంకట్రాములు సారు ఒక పక్క, నేను ఒక పక్క నిలబడ్డాం. చాలాసేపటిదాకా ఏమీ లేదు, అదే వంకాయ రంగు. తర్వాత అడుగు నుంచి కొంచెం పలచబడినట్టనిపించింది. నా కళ్ళను నేనే నమ్మలేదు. నాకు పసుపు కావాలి కదా, కావాలనుకున్న రంగే కనపడుతుందేమోనని భయం. అందుకే నోరు మూసుకుని సారు వైపు చూశాను. ఆయన సీసా వెలుగులో పెట్టి, తిప్పి తిప్పి చూసి, "పసుపే గదనమ్మా. ఎందుకు ఏడుస్తున్నవ్?" అన్నారు. అప్పుడు గానీ రాసుకోలేదు.

మీ పాలు ట్యాంకులోకి పోతుంటే పైపు దగ్గరే నిలబడి చూశాను. సెంటరుకు ఇక భయం లేదు. లెక్క మళ్ళీ మొదటి నుంచి మొదలవుతుందని సారు చెప్పారు.

ఖాలా, నీకొక మాట చెప్పాలి. రెండోసారి పారబోసిన రాత్రి అన్నం తినలేదు. ఆ ఇంట్లో తిని, ఆ ఇంటి పాలు పారబోశాననే మాట గుండెల్లో ముల్లులా గుచ్చుకుంది. పాస్ రాసేయడానికి ఎంతసేపు? ఒక్క గీత. ఆ రోజు ఆ గీత గీసి ఉంటే ఈ రోజు ఈ రంగుకు నేను సంతోషపడగలిగేదాన్ని కాదు.

ఖాలూ మెడకూ పొదుగుకూ సంబంధం అడిగారట కదా. సారుకు చదివి వినిపించాను. మఫ్లరు ఊడిపోయేలా నవ్వి, మీ ఊరొచ్చి అందరికీ బొమ్మ గీసి చెబుతానన్నారు. వచ్చేవారం ఆయన్ని తీసుకుని నేనే వస్తున్నాను.

నీ తహసీన్


3 డిసెంబర్ 2006

బేటీ తహసీన్‌కు వేవేల దువాలు.

నువ్వు రాసిన ఒక్క రంగు మాట ఊరంతా పాకింది. ఎల్లన్న బండి ఆగకముందే కిటికీలోంచి "పసుపూ!" అని అరిచాడు. ఈసారి మడత విప్పినందుకు అతన్ని ఏమీ అనలేదు, చాయ్ పోశాను.

మీ సారును తప్పకుండా తీసుకురా. మీ ఖాలూ అప్పుడే ఆయన్ని అడగాల్సిన ప్రశ్నలు కూడబెడుతున్నారు. మెడ సంగతి ఆయనకింకా పూర్తిగా ఒప్పుదల కాలేదు.

నిన్న పెద్దమందడి వైపు నుంచి ఒక సెంటరు ఆడవాళ్ళు వచ్చారు. వాళ్ళ డబ్బా కూడా ఒకసారి ఫెయిలైందట. మన ఎర్ర గుడ్డ కట్టుబాటు చూసిపోదామని వచ్చారు. కొమ్ములూ గిన్నెలూ అన్నీ చూపించాను. చాయ్ తాగుతూ వాళ్ళలో పెద్దావిడ నన్ను పక్కకు పిలిచి మెల్లగా, "మీకేం ఫికర్ అక్కా? ల్యాబుల మీ చెల్లె బిడ్డనే ఉన్నదంట గద" అంది.

నేను మెల్లగా చెప్పలేదు. సుగుణమ్మ వినేలా, మద్దిలేటి దుకాణం దాకా వినపడేలా చెప్పాను.

"అవ్, మా తహసీనే ఉన్నది. మా పాలు రెండుసార్లు పారవోసింది."

మీ ఖాలా,
కుబ్రా బేగం